పడావు చెలకలో పచ్చిక: ఒక వాక్యానికి వ్యాఖ్యానం

మూలం: "పడావుపడ్డ చెలకను ఎండకాలం దున్ని, గడ్డలు ఏరి, మాగిన పెంట తోలి, చదును పట్టి, తడిపి, మొలిచిందల్లా పైపైన దోకి, ఆ తర్వాతనే గడ్డి విత్తనం చల్లవలె."

ఇది ఏ శాస్త్రగ్రంథంలోదీ కాదు. జహీరాబాద్ చుట్టుపక్కల సేద్యం చేసేవాళ్లు ఒక్కో సందర్భంలో ఒక్కో ముక్కగా అనే మాటలనే నేను ఒక వరసలో కూర్చాను. వ్యాఖ్యానం రాయాలంటే మూలం ఉండాలి కదా. ఇప్పుడీ పని ఎందుకంటే, ముంబై రోడ్డు పొడుగునా జొన్న, కంది పండిన చెలకలు ప్లాట్లవుతున్నాయి, ఫామ్‌హౌస్‌లవుతున్నాయి. ఇల్లు లేచీ లేవకముందే దాని ముందు పచ్చిక కావాలి. అందుకని జూన్‌లో మొదటి వాన పడగానే విత్తనం ప్యాకెట్టు కొంటారు, నేల సంగతి ఆ తర్వాత చూస్తారు. మూలవాక్యంలో విత్తనం ఎక్కడుందో చూడండి, చిట్టచివర ఉంది. చల్లడం ఒక పూట పని. దానికి ముందున్న పనులకు రెండు మూడు నెలలు పడుతుంది. పచ్చిక బాగుంటుందా, కలుపు పాలవుతుందా అన్నది ఆ రెండు మూడు నెలల్లోనే తేలిపోతుంది.

పడావుపడ్డ చెలక

జహీరాబాద్, కోహీర్ ప్రాంతం బీదరు దాకా సాగే ఎర్రటి పీఠభూమి. పైన ఎర్రమట్టి, కింద జల్లెడలా బెజ్జాలున్న ఎర్రరాయి. బీదరు కోట కందకాన్ని తొలిచింది ఈ రాతిలోనే. మంజీర వైపు దిగితే నల్లరేగడి వస్తుంది, దాని లెక్క వేరు. చెలకలో చాలాచోట్ల జానెడు, మూరెడు లోతులోనే మొరం తగులుతుంది. లోతుగా దున్నితే మంచిదన్న మాట విని ఇక్కడ పెద్ద నాగలి దించితే, ఉన్న కాస్త మన్ను కిందికి పోయి మొరం పైకి వస్తుంది. మొరం మీద గడ్డి పట్టదు, పట్టినా రెండు రోజులు నీళ్లు తప్పితే మాడిపోతుంది. అందుకే ముందు గడ్డపారతో నాలుగుచోట్ల పొడిచి మన్ను ఎంత మందం ఉందో చూసుకోవాలి.

పడావు అంటే ఖాళీగా ఉన్న నేల అని ప్లాటు కొన్నవాళ్లు అనుకుంటారు. అది ఖాళీ నేల కానే కాదు. నాలుగేళ్లు నాగలి తగలని చెలకలో ఏ యేడు రాలిన గింజ ఆ యేడు మన్నులో కలిసి ఉంటుంది. వాటి ఓపిక ఎంతటిదో తెలియాలంటే అమెరికాలోని మిషిగన్‌లో జరుగుతున్న ఒక ప్రయోగాన్ని చూడాలి. 1879లో విలియం బీల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కలుపు విత్తనాలను ఇసుకలో కలిపి, 20 సీసాల్లో నింపి పాతిపెట్టాడు. కొన్నేళ్లకొకటి చొప్పున తీసి, మొలుస్తాయో లేదో చూస్తున్నారు. 2021లో, అంటే 142 ఏళ్లకు తీసిన సీసాలోనూ కొన్ని మొలిచాయి. చివరి సీసా వంతు 2100లో వస్తుంది. అన్ని జాతులూ ఇంత మొండివి కావు, చాలా విత్తనాలు కొద్ది ఏళ్లలోనే చచ్చిపోతాయి. అయినా మనం దున్నబోయేది ఒక్క ఏడాది కలుపును కాదని గుర్తుంటే చాలు.

పడావును సాగులోకి తెచ్చిన అనుభవం ఈ తాలూకాకు కొత్త కాదు. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, పి.వి.సతీశ్ ముందుండి నడిపిన సంస్థ. 1990లలో దాని ఆడవాళ్ల సంఘాలు ఊరూరా పడావుపడ్డ భూములను మళ్లీ దున్నించాయి. దున్నడానికీ ఎరువుకూ అప్పు ఇచ్చి, తిరిగి జొన్నల రూపంలో తీసుకుని, ఆ జొన్నలనే ఊళ్లో పేదలకు తక్కువ ధరకు అమ్మాయి. రేషను బియ్యం రాజ్యమేలుతున్న రోజుల్లో జొన్నతో రేషను నడిపారు. ఆ సంఘాల్లో ఎక్కువమంది చదువు రాని దళిత మహిళలు. పడావు నేల మాట వస్తే నేను వాళ్ల మాటే ముందు వింటాను, ప్యాకెట్టు వెనక అచ్చేసిన సూచనలు తర్వాత చదువుతాను.

ఎండకాలం దున్ని

ఏప్రిల్‌లో పడే ఒక చెదురువానకు నేల మెత్తబడ్డప్పుడు దున్నాలి. ఇక్కడ ముఖ్యమైన మాట పెళ్లలు. దున్నగానే లేచే పెళ్లలను పగలగొట్టాలని చేతులు దురద పెడతాయి. పగలగొట్టకూడదు. పెళ్ల పెళ్లగా ఉంటేనే సందుల్లోంచి గాలి, ఎండ లోపలికి పోయి వేరును పూర్తిగా ఎండబెడతాయి. పదిహేను ఇరవై రోజులు ఆగి అడ్డంగా మరోసారి దున్నాలి. మే చివర రోహిణి కార్తె వస్తుంది. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండ కూలి అడగకుండా చేసే పనిని మరే మందూ చేయలేదు.

రోటవేటర్ గురించి ఒక మాట. ట్రాక్టర్లు తయారయ్యే ఊరిది, మహీంద్రా కర్మాగారం జహీరాబాద్‌లోనే ఉంది. గంట కిరాయికి రోటవేటర్ వస్తుంది, అరగంటలో నేలను పిండి చేసి పోతుంది. చూపుకు బాగుంటుంది. కానీ గరిక ఉన్న నేలలో, అందులోనూ తడి మీద తిప్పితే, ఒక్కో వేరు పది ముక్కలవుతుంది, పది ముక్కలూ మొలుస్తాయి. గరికను పెంచాలనుకునేవాళ్లు కూడా చేసేది అదే, కణుపుల ముక్కలు కోసి నాటుతారు. మొదటి దుక్కికి నాగలో, కల్టివేటరో చాలు. రోటవేటర్ పని చిట్టచివర, వేళ్లన్నీ ఏరేశాక, అవసరమైతేనే.

గడ్డలు ఏరి

వాక్యం మొత్తంలో బరువైన మాట ఇదే. కలుపును చాలామంది ఒకే జాతిగా లెక్కేస్తారు. పచ్చిక వేసేవాళ్లకు అది రెండు జాతులు, విత్తనంతో వచ్చేది, కింద గడ్డతోనో వేరుతోనో వచ్చేది. మొదటిదాన్ని నీళ్లు పెట్టి మోసం చేయొచ్చు, ఆ సంగతి కింద వస్తుంది. రెండోది మోసపోదు, దాన్ని ఏరాల్సిందే.

తుంగను ఒక్కసారైనా నిదానంగా తవ్వి చూడాలి. పైన మూడు అంచుల కాడ, నిగనిగలాడే సన్నటి ఆకులు. పట్టి లాగితే చేతికి అవే వస్తాయి, అసలుది కిందే ఉంటుంది. పారతో పక్కనుంచి లేపితే గోధుమ నలుపు రంగులో, పైన పీచు చుట్టుకున్న చిన్న గడ్డ కనిపిస్తుంది. దాన్నుంచి నల్లటి తీగ ఒకటి పక్కకు సాగుతుంది, దాని చివర ఇంకో గడ్డ, అక్కడినుంచి ఇంకొకటి. గోటితో గిల్లితే లోపల తెల్లగా ఉండి, వాసన ఘుమ్మంటుంది. ఆయుర్వేద దుకాణంలో తుంగముస్తలని అమ్మేవి ఇవే. వరసలో మొదటి గడ్డ బతికున్నంత కాలం వెనకవి చాలావరకు నిద్రపోతుంటాయి. పారతో గొలుసు తెగ్గొట్టామా, ఒక్కొక్కటీ తనకు తానే పెద్దదై మొలకెత్తుతుంది. ప్రపంచంలోని కలుపు మొక్కలన్నిటిలోకీ తుంగనే మొదటి స్థానంలో నిలబెట్టారు లీరాయ్ హోమ్, ఆయన సహచరులు, 1977లో అచ్చయిన తమ గ్రంథంలో. రెండో స్థానం గరికది. రెండూ మన చెలకల్లోనే ఉన్నాయి.

తుంగకు ఒక బలహీనత ఉంది. గడ్డల్లో చాలా భాగం పై జానెడు మన్నులోనే ఉంటుంది, తడి ఆరితే చస్తుంది. పెళ్లలు తిరగేసి, పైకి తేలిన గడ్డలను పది పదిహేను రోజులు ఎండలో వదిలేస్తే అవి ముడుచుకుపోతాయి. మధ్యలో వాన పడితే మాత్రం మళ్లీ మొదటికి వస్తుంది. ఎండకు చావని లోతు గడ్డలు వానకు మొలుస్తాయి. మొలిచిన మూడు నాలుగు వారాలకు అవి కొత్త గడ్డలు కట్టడం మొదలుపెడతాయి గనక, ఆలోపే, రెండు వారాలకొకసారి, పిలక కనిపించినప్పుడల్లా తీసేస్తూ పోవాలి. గడ్డలో దాచుకున్న బలం అంతా పిలకలకే ఖర్చయి ఎండిపోతుంది. ఓపిక పని ఇది, కూలివాళ్లకు గుత్తకిచ్చే పని కాదు. గుత్తకిస్తే పైన ఆకు పీకి, నేల శుభ్రంగా చూపించి, డబ్బు తీసుకుపోతారు. వాళ్లను అని లాభం లేదు, మనం కొన్నదే ఆ శుభ్రం.

ఇక గరిక. దీని సంగతి చిత్రమైనది. చెలక రైతుకు గరిక పగ, దున్నేటప్పుడు ఎద్దును నిలబెట్టేసే పగ. వినాయక చవితి నాడు అదే గరికను జతకట్టి 21 జతలు దేవుడికి పెడతాం. పట్నం నర్సరీలో బెర్ముడా గ్రాస్ పేరుతో ప్యాకెట్టులో అమ్మేది కూడా అదే జాతి. టెక్సాస్‌లో ఇల్లు కొనుక్కున్న మన పిల్లలు వారం వారం మిషను తోసి కత్తిరించేది చాలాచోట్ల ఈ గరికనే. కాబట్టి నేల తయారుచేసేటప్పుడు ఒక ప్రశ్న వేసుకోవాలి. మీ ప్లాటులో ఇప్పటికే సగానికి పైగా గరిక ఉందా? ఉంటే దాన్ని తవ్వి పారేసి, ప్యాకెట్టు గరిక కొని చల్లడం ఎందుకు? మిగిలిన కలుపు ఏరి, ఎగుడుదిగుళ్లు సర్ది, నీళ్లు పెట్టి, పది రోజులకోసారి కత్తిరిస్తే రెండు వానాకాలాల్లో అదే పచ్చిక అవుతుంది. ఆకు కాస్త ముతకగా ఉంటుంది, అంతే. పిల్లలు ఆడుకునే చోటికి నా ఓటు దానికే. మెత్తటి కొరియన్ గడ్డి వేయాలనుకుంటే మాత్రం ఒక్క కణుపు కూడా మిగలకూడదు, ఎందుకంటే ఆ మెత్తటి గడ్డిని గరిక ఏడాదిలో మింగేస్తుంది. పీకిన గరికను గట్టు మీద పడేయకండి, అది అక్కడే వేరు పోసుకుంటుంది. పశువులకు వేయండి, లేదా బండ మీద కరకరలాడేదాకా ఎండబెట్టండి.

మాగిన పెంట తోలి

మాగిన అన్న విశేషణాన్ని చాలామంది మింగేస్తారు. పచ్చి పెంటలో కలుపు విత్తనం చెక్కుచెదరకుండా ఉంటుంది, పశువు కడుపులోంచి వచ్చినా మొలుస్తుంది. గొర్రె ఎరువుతో సర్కారు తుమ్మ వస్తుంది, ఎందుకంటే దాని కాయలంటే గొర్రెలకూ మేకలకూ ప్రాణం. పెంటకుప్పను తడిపి, తిరగేస్తూ, లోపల చెయ్యి పెట్టలేనంత వేడి పుట్టేలా మాగబెడితే ఆ విత్తనాలు చాలావరకు చస్తాయి. చదరపు మీటరుకు ఐదు కిలోల దాకా వేయొచ్చు, అంటే ఒక గుంటకు అర టన్ను.

ఇదే వరసలో ఇంకో ప్రమాదం బయటి మట్టి. ప్లాటు లోతుగా ఉందని ట్రాక్టర్ లోడు ఎర్రమట్టి తెప్పిస్తారు, లేదా చెరువు మట్టి తోలిస్తారు. 2015లో చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువు మట్టి పొలాలకు పోయింది, పంటకు మంచిదే. కానీ చెరువు అంచు తుంగకు పుట్టిల్లు. ఎండకాలమంతా కష్టపడి ఏరిన గడ్డలను ఒక్క లోడుతో తిరిగి తెచ్చుకోవడమే అవుతుంది. చాపలా చుట్టి అమ్మే రెడీమేడ్ పచ్చిక కిందా అదే జరుగుతుంది, కొనేముందు చాప తిరగేసి వేళ్ల మధ్య చూడాలి. మట్టి తప్పనిసరైతే ఏప్రిల్‌లోనే తోలించండి, అదీ మీ నేలతోపాటే ఎండనివ్వండి.

చదును పట్టి

రాళ్లు ఏరి, గుంటుక తోలో, పలక లాగో చదును చేయడం. ఇంటి గోడనుంచి బయటికి కాస్త వాలు ఉండాలి. ఇందులో పెద్ద రహస్యాలేమీ లేవు, ఒక్కటి తప్ప: చదును చేశాక ఒక వానో, ఒక తడో ఇచ్చి నేల కుంగనివ్వాలి. కుంగకముందు విత్తితే గుంటలు పడి, నీళ్లు నిలిచి, ఆ గుంటల్లోనే తుంగ మళ్లీ తలెత్తుతుంది.

తడిపి, మొలిచిందల్లా పైపైన దోకి

గింజ కలుపును మోసం చేయడమన్నానే, అది ఇదే. నేలను విత్తడానికి పూర్తిగా సిద్ధం చేసి, విత్తకుండా నీళ్లు పెట్టాలి. కలుపు గింజలు పంట వచ్చిందనుకుని మొలుస్తాయి. పది పదిహేను రోజుల్లో నేల పచ్చగా అవుతుంది. చూసి గుండె జారనక్కర్లేదు, అదంతా లోపలి అప్పు తీరడమే. రెండాకుల మీద ఉండగా, ఎండ కాస్తున్న పొద్దున, దోకుడు పారతో వేలెడు లోతు కూడా పోకుండా గీకేయాలి. మళ్లీ తడి, మళ్లీ మొలక, మళ్లీ దోకుడు. రెండుసార్లు తప్పనిసరి, మూడోసారి వీలుంటే.

పైపైన అన్న మాట లేకపోతే ఈ వాక్యం చెడిపోతుంది. చిన్న గింజల్లో ఎక్కువభాగం మొలిచేది పై ఒకటి రెండు అంగుళాల మన్నులోంచే. అందులో చాలావాటికి మొలవాలంటే వెలుతురు ఒక్క క్షణం తగలాలి. లోతుగా తవ్వామంటే కింద నిద్రపోతున్న కొత్త గింజలను వెలుతురులోకి పిలిచినట్టే. ఈ లెక్క ఎంతవరకు నిజమో చూద్దామని జర్మనీలో పరిశోధకులు రాత్రి చీకట్లో దున్ని చూశారు, కలుపు తగ్గింది. అలాగని అర్ధరాత్రి ట్రాక్టర్ పిలవమని నేను చెప్పడం లేదు, పారను కాస్త పైకి పట్టుకోమంటున్నాను.

ఈ చెలకల్లో వాన మీదే ఆధారపడే రైతు చేసేదీ ఇదే. తొలకరికి మొలిచిన కలుపు మీద గుంటుక కొట్టి, ఆ తర్వాత గొర్రు కడతాడు. బోరు ఉన్న ఫామ్‌హౌస్‌ వాళ్లకు వానకు ముందే, మే నెలలోనే ఈ ఆట ఆడే వీలుంది.

తడి తర్వాత ప్లాస్టిక్ కప్పే పద్ధతి కూడా ఉంది. 1976లో ఇజ్రాయెల్‌లో జాకోవ్ కాటన్, ఆయన సహచరులు దీన్ని శాస్త్రీయంగా చూపించారు. నేలను బాగా తడిపి, 25 నుంచి 50 మైక్రాన్ల మందం ఉన్న పారదర్శక షీటు పరిచి, అంచులు మట్టిలో పూడ్చి, నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయాలి. నల్లషీటు కాదు, పారదర్శకమే. ఎండ లోపలికి పోయి మన్నును ఉడికించాలి గనక. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఇది బాగా పనిచేస్తుంది. గింజ కలుపు చాలావరకు పోతుంది. లోతు తుంగ మాత్రం పూర్తిగా పోదు. రెండు మూడు గుంటల దాకా అయితే ఖర్చు గిట్టుబాటే, ఎకరాలకు కాదు. వాడాక ఆ షీటు ముక్కలను చెలకలో వదిలేసి పోతే కలుపు కంటే పెద్ద పాపం.

మొలిచిందల్లా

అల్లా అన్నాం గానీ, దోకేముందు ఒకసారి వంగి చూడాలి. నిండుగా మొలిచిందాంట్లో గంగవాయిలి ఉంటుంది. దాన్ని దోకి తడినేల మీద వదిలితే, కాడ ముక్కే మళ్లీ వేరు పోసుకుంటుంది. కనక ఏరి వంటింట్లోకి పంపాలి, మామిడికాయల రోజుల్లో పప్పులోకి దానికి సాటి లేదు. గునుగు లేతగా ఉంటే అదీ కూరే. పెరగనిస్తే బతుకమ్మకు పూవు, ఇంకా పెరగనిస్తే నిగనిగలాడే నల్లటి గింజలు వేలల్లో రాలుస్తుంది. ప్రహరీ పక్కన ఒక వరస వదిలేసి, పండుగకు కోసుకుని, గింజ కట్టకముందే పీకేయడం నాకు నచ్చిన రాజీ. జొన్నచెంచలి, పొన్నగంటి, తుమ్మికూర ఇవన్నీ పస్తాపూర్ సంఘాల ఆడవాళ్ల లెక్కలో కలుపు కావు. విత్తకుండా వచ్చే ఇలాంటి ఆకుకూరలు ఈ ప్రాంతంలో 80 దాకా ఉన్నాయని వాళ్లు లెక్క చూపారు. కలుపు మందు వద్దని వాళ్లు అనడానికి ఒక కారణం ఈ కూరలే.

వయ్యారిభామ విషయంలో మాత్రం ఏ రాజీ లేదు. 1950లలో పుణె దగ్గర కంటబడి దేశమంతా అల్లుకుంది. ఒక్కో మొక్క వేలల్లో గింజలు రాలుస్తుంది, ముట్టుకుంటే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు. తెల్లపూవు విచ్చకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగు వేసుకుని వేరుతో సహా లాగాలి. ప్రహరీ అవతల రోడ్డు పక్కన ఉన్నదాన్ని కూడా లాగాలి, గాలికి గోడ అడ్డు కాదు.

మూలంలో లేని మాట

మందు. గడ్డి చంపే మందు కొట్టేస్తే ఇదంతా ఎందుకని అడుగుతారు. గ్లైఫోసేట్ పచ్చటి ఆకు మీద పడితేనే పనిచేస్తుంది, మన్నులో ఉన్న గింజను ఏమీ చేయదు. ఎండిపోయిన పడావు మీద మే నెలలో కొడితే డబ్బు గాలికి పోయినట్టే. పైగా దాన్ని లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్లే కొట్టాలని, ఎవరికి వాళ్లు కొట్టకూడదని 2022 అక్టోబర్‌లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. తుంగ నిండిన పెద్ద మైదానాలకు దాని అవసరం ఉండొచ్చు. ఇంటి ముందు రెండు గుంటలకు పార చాలు.

ఆ తర్వాతనే చల్లవలె

చివరి దోకుడు అయ్యాక నేలను మళ్లీ కదపకూడదు. పైపైన గీరి చాళ్లు చేయడానికి పంజా చాలు. గరిక విత్తనం పిండిలా సన్నం, గుంటకు 250 నుంచి 300 గ్రాములు సరిపోతుంది. దానికి పది రెట్లు ఆరిన ఇసుక కలిపి, రెండు భాగాలు చేసి, ఒక భాగం నిలువుగా, ఒక భాగం అడ్డంగా చల్లాలి. గాలిలేని పొద్దున్నే. పైన జల్లించిన మట్టి పలచగా, అర సెంటీమీటరు కూడా మించకుండా, ఆపైన తేలికపాటి రోలరు. గింజ లోతుగా పోతే మొలవదు. విత్తనం దొరకనివాళ్లు గరిక కాడలను తరిగి పేడ, మట్టిలో కలిపి నేల మీద పలచగా పూసి నీళ్లు చల్లుతారు, అలుకు పెట్టడం వచ్చిన చేతికి ఆ పని నేర్పనక్కర్లేదు.

మొలక కనబడేదాకా, అంటే రెండు మూడు వారాలు, పైపొర ఆరకూడదు, అలాగని పైపుతో ధార పెట్టకూడదు. ధార పెడితే విత్తనమంతా వాలు చివరికి కొట్టుకుపోయి, అక్కడ ఒత్తుగా, ఇక్కడ బట్టతలగా వస్తుంది. పూలకుండీలకు వాడే జల్లు మూతి పెట్టి రోజుకు రెండు మూడుసార్లు చల్లడమో, తడిపిన గోనెసంచులు పరిచి మొలక కనబడగానే తీసేయడమో చేయాలి. గడ్డి నాలుగు వేళ్ల ఎత్తుకొచ్చాక పదునైన బ్లేడుతో మొదటి కోత వేయండి. ఇంకా మిగిలిన వెడల్పాకు కలుపులో నిటారుగా పెరిగేవి ఆ కోతతోనే తలలు పోగొట్టుకుంటాయి. నేలకు అంటుకుని పెరిగే గలిజేరు లాంటివాటిని మాత్రం చేత్తో తీయాలి.